ఎట్టయపురపు వ్రాతప్రతులు: సుబ్బరామ దీక్షితులవారి జీవితము

దక్షిణదేశ సంగీతమునకు ఆకరగ్రంథమై నిలిచిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు భాషలో, తెలుగు లిపిలో వెలువడినదే యైనను తెలుగునాట అచ్చుపడినది కాదు. నాటి తిరునెల్వేలి మండలమునందలి ఎట్టయపుర సంస్థానమున, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో, 1904వ సంవత్సరమున అది ముద్రితమయ్యెను. గ్రంథకర్తయగు సుబ్బరామ దీక్షితులవారి పేరు గాయకులెల్లరు నెరుగుదురు. అది యెట్టి వ్రాతకట్టలనుండి, ఎంత పెనుగులాటమీద బయటపడినదో ఎరిగినవారు కొలదిమంది.

దీక్షితులవారు 1839లో తిరువారూరున జన్మించిరి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడును, పాశ్చాత్యుల ఫిడేలును మన సంగీతమునకు లొంగదీసిన వారిలో ప్రథమగణ్యుడును అగు బాలుస్వామి దీక్షితులు వీరికి మాతామహుడు. పుత్రసంతతి లేని ఆ వృద్ధుడు దౌహిత్రుని దత్తత చేసికొని, తాను విద్వాంసుడుగ నున్న ఎట్టయపురమునకు కొనిపోయి వీణయు గాత్రమును నేర్పెను. ముత్తుస్వామి దీక్షితులు ఆ యూరనే 1835లో, అనగా ఈ బాలుడు పుట్టుటకు నాలుగేండ్లు ముందే, దేహము చాలించిరి. కావున వారి కృతులు వీరికి తాతగారి నోటివలనను, ఇంటనున్న వ్రాతలవలనను మాత్రమే లభించినవి.

పదునేడవ యేట సుబ్బరాముడు దర్బారు రాగమున ఒక వర్ణము రచించి సభలో పాడగా, ఇది తాతగారి రచనయే యని రాజు శంకించెనట. శంకను దీర్చుటకు వేరొక రాగమున జతిస్వరము కట్టుమని యడిగి, బాలుడు కట్టి వినిపించిన మీదట సత్కరించెనందురు. తరువాత తాతగారి స్థానము వీరికే దక్కెను.

ఇక ఆ వ్రాతల మాట. ముత్తుస్వామి దీక్షితుల తండ్రియగు రామస్వామి దీక్షితులు, చతుర్దండి ప్రకాశిక రచించిన వేంకటమఖి సంప్రదాయమునకు చెందిన వేంకటవైద్యనాథ దీక్షితులకడ శుశ్రూష చేసిరి. ఆ గురుకులమునుండి గీతములు, తానములు, లక్షణ గ్రంథములు ఆ యింటికి చేరినవి. వానిని పరుల కిచ్చుట యాచారము కాదు. ఇది కేవలము లోభమని తోసిపుచ్చరాదు. అపాత్రుని నోటబడిన కృతి మరల గుర్తింపరాని రూపమున తిరిగివచ్చునన్న భయము సంగీత కుటుంబములలో సహేతుకమైనదే. కాని చెదపురుగునకు పాత్రాపాత్ర వివేచన లేదు గదా!

ఈ తాళము తీయించినవాడు మద్రాసు ప్రభుత్వ కార్యాలయోద్యోగి, ఎం. ఏ. పట్టభద్రుడు, క్రైస్తవుడు: ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు. మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటింపవలెనని 1892 ప్రాంతమున ఆయన పూనుకొనెను. త్యాగరాజ కృతులకై వాలాజాపేట కృష్ణస్వామి భాగవతుల నాశ్రయించెను. దీక్షిత కృతులకై సుబ్బరామ దీక్షితుల నాశ్రయించెను. ఆ పనిలో ఆయన ధనము కరగెను, పిదప చూపును పోయెను. పూనిన కార్యము సగములో నిలిచిపోగా, 1899లో వేంకటేశ్వర ఎట్టప్ప మహారాజుగారి పట్టాభిషేక సమయమున ఎట్టయపురమునకు వచ్చి, దీక్షితులవారియొద్దనున్నదంతయు అచ్చువేయింపుమని ప్రభువును వేడెను. తనకు పేరు రాని గ్రంథమునకై కన్నులు లేని మనుష్యుడు చేసిన ఆ ప్రయాణము నాకు ఈ కథలోనెల్ల ఘనమైనదిగ దోచును. ప్రభువు ఆజ్ఞాపించెను. అరువదేండ్ల దీక్షితులవారు సమ్మతించిరి. గ్రంథము వెలువడుటకు ముందే మొదలియారు కన్నుమూసెను.

స్వరములు వ్రాసినంత మాత్రమున మన పాట కాగితమున నిలువదు. స్వరమునకు స్వరమునకు నడుమ నున్న గమకమే దాని ప్రాణము. కంపితమునకు, స్ఫురితమునకు, జారుకు వేరువేరు గుర్తులేర్పరచి వానికి తగిన అచ్చులు సిద్ధపరుపవలసివచ్చెను. ఇట్లు సుమారు 1700 పుటలలో ముత్తుస్వామి దీక్షితుల కృతులే 200కు పైగా చేరినవి. వేంకటమఖి సంప్రదాయ గీతములును, మన మువ్వ క్షేత్రయ్య పదములును అందు చోటు చేసికొన్నవి. 70కి మించిన విద్వాంసుల చరిత్రలును గలవు.

దోషములు లేవనరాదు. త్యాగరాజున కిందు లభించిన తావు స్వల్పము. విద్వాంసుల చరిత్రలలో జనశ్రుతికిని చరిత్రకును నడుమ గట్టు కానరాదు. వేంకటమఖి రచనలని చేర్చిన రాగలక్షణ శ్లోకములలో పెక్కు తరువాతి కాలమువని ఇటీవలి పండితుల అభిప్రాయము. ఐనను ఆ కట్టలు అట్లే అటకమీద నుండిన, ఇట్టి విమర్శకైనను తావుండెడిది కాదు.

గ్రంథము వెలువడిన 1904లోనే బొంబాయినుండి భాత్‌ఖండే పండితుడు ఎట్టయపురమునకు వచ్చి దీక్షితులవారిని దర్శించి, చతుర్దండి ప్రకాశిక ప్రతిని సంపాదించుకొని పోయెను. ఉత్తరాది రాగములను పది ఠాట్‌లుగ విభజించిన ఆయన కృషికి వేంకటమఖి మేళపద్ధతి ప్రేరకమైనది. మరుసటి యేడు దీక్షితులవారు బాలురకై ప్రథమాభ్యాస పుస్తకమును తెలుగుననే ప్రకటించిరి. 1906లో పరమపదించిరి.

అరవదేశపు గాయకులు ఆ మహాగ్రంథమునకై చిరకాలము తెలుగక్షరములు నేర్చుకొనుచు వచ్చిరి. 1961 మొదలుకొని మద్రాసు సంగీత అకాడమీవారు దానిని అరవలిపిలో సంపుటములుగ ప్రకటించిరి.