ఆంధ్ర పితామహుడు మాడపాటి హనుమంతరావు పంతులు

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల నుండి మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో ఇంట ఉర్దూ మాట్లాడి, తరగతిలో తెలుగు చదివేవారు పలువురు. ఈ రెండు భాషలూ ఒక్క మనిషి చేతిలో ప్రజాసేవకు ఎంతగా ఉపకరించాయో తెలుసుకొనగోరేవారు మాడపాటి హనుమంతరావు పంతులుగారి జీవితాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

పంతులుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, సూర్యాపేటలో మేనమామల యింట పెరిగారు. హనుమకొండలో చిరుద్యోగిగా ఉంటూ అక్కడి రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయానికి సేవ చేశారు. పిదప హైదరాబాదు చేరి, 1917 నుండి న్యాయవాద వృత్తి సాగించారు. ‘ముషీరె దక్కన్’ అనే ఉర్దూ పత్రికకు వ్యాసాలు వ్రాశారు. ప్రేమ్‌చంద్ కథలను ఉర్దూ నుండి తెనిగించిన తొలివారిలో వారొకరు.

1921 నవంబరులో నగరంలోని వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగింది. మహారాష్ట్ర విద్యావేత్త కార్వే పండితుడు అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేసి ఆపివేశారు. ఆ అవమానం నుండి పుట్టినదే ఆంధ్రజన సంఘం. పంతులుగారు దానికి వెన్నెముకయై నిలిచారు.

సంఘం చేసిన పనులలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచేది ఒక చిన్న పుస్తకం. ఆనాడు పల్లెలలో అధికారులు మజిలీ చేసినప్పుడల్లా కుమ్మరి కుండలివ్వాలి, చాకలి నీళ్లు మోయాలి, బండి గలవాడు బండి కట్టాలి. కూలి మాత్రం లేదు. ఈ వెట్టిని నిషేధిస్తూనో, కూలి చెల్లించమంటూనో ప్రభుత్వమే గస్తీలు జారీ చేసి ఉన్నది. అయితే అవి ఉర్దూలో ఉండి కచేరీల బీరువాలలో నిద్రించేవి. మూట మోసేవానికి వాటి సంగతే తెలియదు. సంఘం ఆ గస్తీలను సేకరించి, తెలుగు చేసి, అచ్చు వేయించింది. అక్షరం వచ్చిన ఒక్కడు రచ్చబండ మీద చదివితే, రాని పదిమందీ విని తమ హక్కేమిటో గ్రహించగలరు. సభలకు సైతం ముందస్తు అనుమతి కావలసిన రాజ్యంలో ఇది సామాన్య సాహసం కాదు.

1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంగా బాలికల పాఠశాల వెలసింది. ఉన్నత విద్య ప్రధానంగా ఉర్దూలో సాగుతున్న కాలమది. ప్రభుత్వ గుర్తింపు లభించలేదు. పంతులుగారు నిరాశ చెందక దానిని కార్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధింపజేశారు. తెలుగువాడు అవమానం పొందిన సభకు అధ్యక్షత వహించినవారే తెలుగు బాలికలకు ఆసరా కావడం విశేషమే గదా!

1935లో సిరిసిల్లలో జరిగిన ఆంధ్ర మహాసభకు పంతులుగారు అధ్యక్షులైనారు. తరువాతి తరం యువకులు వారిని మితవాదిగా విమర్శించారు. 1944 భువనగిరి సభ నాటికి మహాసభ చీలిపోయింది. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. వినతిపత్రాలకు లొంగని దొరలు అనేకులుండిరి. అయినను, గస్తీ చదివి వినిపించిన పాతికేళ్ల శ్రమ ముందు లేనిదే ఆ యువకుల మాట వినే ఊళ్లు అన్ని ఉండేవా అని మా సందేహం.

1951లో వారు హైదరాబాదు నగరానికి మేయరైనారు. 1955లో పద్మభూషణ్ లభించింది. 1958 నుండి ఆరేళ్లు శాసనమండలి అధ్యక్షులుగా ఉన్నారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు.

పాలకవర్గంవారు అనుమతిస్తే, అమీర్‌పేట, పంజాగుట్ట వీధులలో అంటించే నగరపాలక ప్రకటనలను మా తెలుగు తరగతి విద్యార్థుల చేత సులభమైన తెలుగులోకి, ఉర్దూలోకి తిరిగి వ్రాయించాలని మేము సంకల్పించినాము.