రవివర్మ: కుంచె నుంచి కెమెరా దాకా

2020 నాటి ఒక క్యాలెండర్‌లో సమంత, రమ్యకృష్ణ, మంచు లక్ష్మి తదితర నటీమణులు రాజా రవివర్మ చిత్రాల్లోని స్త్రీలుగా దర్శనమిచ్చారు. సుహాసిని మణిరత్నం స్థాపించిన నామ్ సంస్థ కోసం జి. వెంకట్ రామ్ తీసిన ఛాయాచిత్రాలవి. అంతకు చాలా ముందే, 2000-2004 మధ్యకాలంలో, బెంగళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల ఛాయాగ్రాహకురాలు క్లేర్ ఆర్నీతో కలిసి పనిచేస్తూ, రవివర్మ గీసిన లక్ష్మీదేవి రూపంలో తానే కెమెరా ముందు నిలిచారు. ఆ చిత్రాలు కెమెరాకు ఇంతగా ఒదగడానికి కారణం వాటిని గీసిన తీరులోనే ఉంది.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించారు. పధ్నాలుగో ఏట తిరువనంతపురం చేరి, మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆదరణ పొందారు. తైలవర్ణాల మెళకువలను ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు ఆయనకు నేర్పడానికి ఇష్టపడలేదు. 1868లో వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సన్ తాను బొమ్మ వేస్తుంటే చూడనిచ్చారే గాని బోధించలేదు. కంటితో గ్రహించిన విద్యను రవివర్మ ఏళ్ల తరబడి సాధన చేసి వశం చేసుకున్నారు. 1873లో మద్రాసు ప్రదర్శనలో స్వర్ణ పతకం, అదే ఏడాది వియన్నాలో బహుమతి, 1893లో షికాగోలో పతకాలు లభించాయి.

శకుంతల, దమయంతి వంటి పురాణ నాయికలను ఆయన ఊహతో మాత్రమే గీయలేదు. ఎదుట కూర్చున్న స్త్రీల ముఖాలు, చీరకట్టు, నగలు చూసి చిత్రించారు. ఛాయాచిత్రాల సాయమూ తీసుకున్నారు. 1902లో హైదరాబాద్ వచ్చినప్పుడు ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ ఆతిథ్యం స్వీకరించారు. అయితే నిజాం కొలువు నుంచి ఆశించిన పని మాత్రం దక్కలేదు.

1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం ఆయన కీర్తిని గడపగడపకూ చేర్చింది. రాజభవనాలకు పరిమితమైన లక్ష్మీ సరస్వతులు సామాన్యుల గోడల మీదికి వచ్చారు. ఆలయ ప్రవేశం లేనివారి ఇళ్లలోనూ వెలిశారు. కాని ముద్రణాలయం అప్పుల్లో కూరుకుపోవడంతో, చివరకు దానిని జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్మివేయవలసి వచ్చింది. చిత్రకళలో కుడిభుజంగా నిలిచిన తమ్ముడు రాజవర్మ 1905లో మరణించారు. మరుసటి ఏడాది, 1906 అక్టోబర్ 2న, రవివర్మ కన్నుమూశారు.

అనంతర కాలంలో బెంగాల్ శైలి సమర్థకులు ఆయన కళను పాశ్చాత్య అనుకరణగా తీసిపారేశారు. అయినా 1979లో కేంద్ర ప్రభుత్వం ఆయన చిత్రాలను జాతీయ కళా సంపదగా ప్రకటించింది. వాటిని దేశం దాటించి అమ్మడం కుదరదు. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలోనూ ఆయన చిత్రాలున్నాయి.

రవివర్మ ఎదుట గంటల తరబడి కూర్చున్న స్త్రీలలో చాలామంది పేర్లు చిత్రాలపై లేవు. మిగిలింది చిత్రకారుడి సంతకమే. నేటి ఛాయాచిత్రాల్లో ఆ భంగిమల్లో నిలిచిన స్త్రీల పేర్లు మాత్రం అందరికీ తెలుసు. నూరేళ్లకు పైబడిన ఆ చిత్రాలకు కెమెరా చేర్చిన కొత్త విలువ ఇదే.