రెండింజన్ల పెద్దాయన: జెఫ్రీ ద హావిలాండ్

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో బస్సు కోసం నిలబడి తలెత్తితే శంషాబాద్‌కి పోయే విమానాలు కనబడతాయి. రెక్కకో ఇంజన్. ఆ రెండింజన్ల ప్రయాణాన్ని చిన్న విమానాల్లో చవగ్గా సాధించినవాళ్లలో జెఫ్రీ ద హావిలాండ్ ముందుంటారు.

1882లో ఇంగ్లండ్‌లో ఓ పాస్టర్ ఇంట్లో పుట్టారు. తాతగారిచ్చిన వెయ్యి పౌన్లతో విమానం కట్టారు. ఇంజన్ డిజైన్ కూడా తనదే. రెక్కల గుడ్డ భార్య లూయీ మిషన్ మీద కుట్టింది. 1909 డిసెంబర్‌లో అది లేచీ లేవగానే రెక్క విరిగి కూలింది. ఇంజన్ మాత్రం దక్కింది. దాన్నే ఇంకో విమానానికి బిగించి 1910లో ఎగిరారు.

1920లో సొంత కంపెనీ పెట్టారు. చిమ్మటలంటే ఇష్టం కాబట్టి విమానాలకి 'మాత్' అని పేర్లు. 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చింది ఆ కంపెనీ పస్ మాత్‌లోనే.

అదే ఏడు ఒక బస్సుల ఓనరు, ప్యారిస్‌కి జనాన్ని తీసుకెళ్లే చవక విమానం అడిగాడు. డిజైనర్ ఆర్థర్ హాగ్ కొత్త ఇంజన్ జోలికి పోలేదు. చేతిలో ఉన్న 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్లే రెండు పెట్టారు. ప్లైవుడ్ బాడీ, పైనా కిందా రెక్కలు, ఆరుగురు ప్రయాణికులు. అదే డ్రాగన్.

1940లో ఎగిరిన యుద్ధవిమానం మస్కిటో కూడా చెక్కదే, రెండింజన్లదే. 1943లో రెండు మస్కిటోలు గాల్లో ఢీకొని చిన్నకొడుకు జాన్ పోయాడు. 1946లో జెట్ పరీక్షలో పెద్దకొడుకు జెఫ్రీ పోయాడు. రెండుసార్లూ తమ కంపెనీ విమానాలే. అయినా ఆయన పని మానలేదు. డెబ్బై దాకా స్వయంగా విమానం నడిపారు. 1965లో కన్నుమూశారు.