దారుశిల్పి నకాషిమా

వృక్షములు బ్రతికియున్నంత కాలము మనకు నీడను, పువ్వులను, పండ్లను ఒసగును. కాపు ఉడిగిన పిమ్మట అవి సాధారణముగా పొయ్యిలో బూడిదయగును. అట్టి మానులో దాగియున్న అందమును కనిపెట్టి, దానికి రెండవ జన్మమును ప్రసాదించుటయే జీవితవ్రతముగా గైకొన్న మహాశిల్పి జార్జి నకాషిమా. ఆయన వంశము జపానుది, జన్మభూమి అమెరికా, ఆయన మనస్సునకు శాంతి లభించినది మన భారతదేశమున.

నకాషిమా 1905వ సంవత్సరము మే 24వ తేదీన అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమునందలి స్పోకేన్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు జపాను నుండి వలస వచ్చినవారు. బాల్యమున ఆయన స్కౌటు దళమున చేరి, పర్వతములయందును, మహారణ్యములయందును సంచరించెడివాడు. ఆకాశము నంటు వృక్షముల నడుమ గడపిన ఆ ఏకాంతమే ఆయనకు తొలి గురువు.

ఆయన వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున వాస్తువిద్య నభ్యసించి 1929లో పట్టభద్రుడయ్యెను. పిదప మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఉన్నత పట్టమును పొందెను. ఇంతలో అమెరికాలో తీవ్రమైన ఆర్థిక మాంద్యము నెలకొనెను. ఎందరో ఉద్యోగములు కోల్పోయిరి. నకాషిమాకును అదే గతి పట్టెను. ఐనను ఆయన క్రుంగిపోలేదు. తన కారును అమ్మివేసి, భూప్రదక్షిణము చేయుటకై ఓడ టిక్కెట్టు కొనెను. ఫ్రాన్సును, ఉత్తర ఆఫ్రికాను చూచి, 1934లో జపాను చేరి, టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ అను వాస్తుశిల్పి కడ కుదిరెను.

ఆ కాలమున పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమమునకు ఒక వసతిగృహమును నిర్మించు పని రేమండునకు లభించెను. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవచే హైదరాబాదు సంస్థానము ఆ నిర్మాణమునకు విరాళ మొసగినందున, ఆ భవనమునకు మన గోలకొండ పేరిట గోల్కొండ్ అను నామము పెట్టబడినది. 1937లో ఆ పనిని దగ్గరనుండి నడపించుటకు నకాషిమా పుదుచ్చేరి వచ్చెను. కొలది కాలములోనే ఆశ్రమ జీవితము ఆయనను ఆకర్షించెను. జీతమును విడనాడి, సాధకులలో ఒకడై, వారితో కలసి పని చేసెను. శ్రీ అరవిందులు ఆయనకు సుందరానందుడని పేరు పెట్టిరి. పనియే పూజ యను భావము ఆయన హృదయమున నాటుకొన్నది అచ్చటనే. ఆ భవనమునకై టేకుతో ఆయన రూపొందించిన సామానులే ఆయన కొయ్యపనికి నాంది.

ఆయన 1939లో భారతదేశమును వీడి, జపాను మీదుగా మరుసటి సంవత్సరము స్వదేశము చేరెను. ఒకరు పటము గీయుటయు, మరియొకరు కట్టుటయు ఆయనకు నచ్చలేదు. మొదటినుండి తుదివరకు తన చేతిమీదుగా సాగు పని కావలెనని తలచి, వాస్తువృత్తిని విడిచి వడ్రంగమును చేపట్టెను. 1941లో మారియన్ ఒకాజిమాను వివాహమాడి సియాటిల్ నగరమున చిన్న కర్మశాలను నెలకొల్పెను.

అంతలో దుర్దినములు దాపురించినవి. 1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరుపై దాడి చేసెను. అమెరికా ప్రభుత్వము పడమటి తీరముననున్న జపాను సంతతివారిని ఇంచుమించు 1,20,000 మందిని నిర్బంధ శిబిరములకు తరలించెను. వారిలో అధికులు అమెరికా పౌరులే. ఏ నేరమును చేయని నకాషిమాయు, ఆయన భార్యయు, పసికందైన కుమార్తె మీరాయు 1942లో ఐడహో ఎడారిలోని మినిడోకా శిబిరమున బంధింపబడిరి.

సామాన్యుడైనచో అచ్చట కోపముతోను, కన్నీటితోను కాలము గడపియుండును. నకాషిమాకు ఆ శిబిరమే పాఠశాల యయ్యెను. జపానులో శిక్షణ పొందిన గెంటారో హికోగావా అను వడ్రంగి ఆయనకు అచ్చట తటస్థపడెను. విశ్వవిద్యాలయ పట్టములుగల నకాషిమా, వినయముతో ఆ వడ్రంగికి శిష్యుడై, ఉలి పదును పెట్టుట, చిత్రిక పట్టుట, మేకు లేకుండ కొయ్యను కొయ్యతో అతుకుట నేర్చుకొనెను. కట్టడములలో మిగిలిన చెక్కముక్కలు, ఎడారి పొదల కొమ్మలు, ఇవియే వారి సామగ్రి. 1943లో రేమండు పూచీపడి ఆయన కుటుంబమును విడిపించి, పెన్సిల్వేనియాలోని న్యూహోప్ గ్రామమునకు రప్పించెను. అచ్చటి వ్యవసాయ క్షేత్రమున కోళ్లను సాకుచు నకాషిమా జీవనము సాగించెను. పిదప కొంత భూమిని సంపాదించి, ఇంటిని, కర్మశాలను తానే కట్టుకొనెను.

తొలిదినములలో మంచి కలపను కొనుటకు ఆయన కడ ధనము లేకుండెను. కావున ముడులు, పగుళ్లు గలవని ఇతరులు త్రోసివేసిన పలకలనే కొనెడివాడు. ఆ లోపములే కొయ్యకు ప్రత్యేకత నిచ్చునని ఆయన గ్రహించెను. అక్రోటు, చెర్రీ మున్నగు వృక్షముల కొయ్య ఆయనకు మిక్కిలి ప్రియమైనది. కొమ్మలు చీలినచోట ఆ కొయ్యయందు జ్వాలలవలె, అలలవలె చిత్రవిచిత్రములైన రేఖలు కానవచ్చును.

దుంగను కోయించు సమయమున ఆయన స్వయముగా కోత మిల్లునకు వెళ్లెడివాడు. లోపల ఏమున్నదో వెలుపలినుండి ఊహించి, దుంగను ఏ ప్రక్కకు త్రిప్పవలెనో, పలక ఎంత మందముండవలెనో నిర్ణయింపవలెను. రంపము ఒకసారి దిగినచో మరలించుటకు వీలులేదు. వందల యేండ్లు పెరిగిన మాను ఒక్క పొరపాటుచే వ్యర్థమగును.

కోత ముగిసినంతమాత్రమున పలక పనికి రాదు. పచ్చి కొయ్యలో నీరు పుష్కలముగా నుండును. తేమ తగ్గినకొలది కొయ్య కుదించుకొనును. పొడవునందు ఆ తగ్గుదల అత్యల్పము. అడ్డముగా మాత్రము ఎక్కువ; అందును, దవ్వనుండి బెరడు వైపునకు తగ్గుదానికంటె వలయముల వెంబడి తగ్గునది ఇంచుమించు రెట్టింపు. ఈ వ్యత్యాసమే వంకరలకు, పగుళ్లకు మూలము. కొనలనుండి నీరు త్వరగా పోవును గనుక వడ్రంగులు కొనలకు మైనము పూయుదురు. పలకలను నేలకు తగులకుండ పేర్చి, పలకకు పలకకు నడుమ సమానమైన మందముగల పొడి బద్దలను ఉంచుదురు. ఎండ సోకరాదు, గాలి ఆడవలెను. అంగుళము మందమునకు ఒక సంవత్సరము అనునది వారి స్థూలమైన లెక్క. నకాషిమా ఒక దుంగనుండి వచ్చిన పలకలను చెదరనీయక, మానులో నున్న వరుసలోనే పేర్చించెడివాడు. గాలికి ఆరిన పిదప వానిని వెచ్చని గదిలో ఆరబెట్టించెడివాడు. వెచ్చని ఇండ్లలో నుంచు సామానులకు తేమ నూటికి 6 నుండి 8 పాళ్లకు తగ్గవలెను. తగిన ఉపయోగము తోచువరకు కొన్ని పలకలు కర్మశాలలో ఏండ్ల తరబడి వేచియుండెడివి.

పలకలో పగులు ఏర్పడినచో ఆయన దానిని దాచెడివాడు కాడు. సీతాకోకచిలుక ఆకారముగల చెక్కను అడ్డముగా పొదిగి, పగులు పెరుగకుండ బిగించెడివాడు. బల్ల అంచులను సరళరేఖగా కోయక, చెట్టు పెరిగిన వంపుతోనే విడిచెడివాడు. ఇవియే లోకమున ఆయన పనికి గురుతులైనవి.

క్రమముగా ఆయన కీర్తి దేశదేశముల వ్యాపించెను. 1964లో అహమ్మదాబాదులోని జాతీయ రూపకల్పన సంస్థకు వచ్చి, అచ్చట సామానులను రూపొందించెను. 1983లో జపాను చక్రవర్తి ఆయనను బిరుదముతో సత్కరించెను. ఒక మహత్తరమైన అక్రోటు మాను లభింపగా, దాని రెండు పలకలను తెరచిన పుస్తకమువలె జతపరచి, శాంతివేదికను నిర్మించెను. అది 1986 డిసెంబరు 31న న్యూయార్కులోని ప్రధాన దేవాలయమున ప్రతిష్ఠింపబడినది. ప్రతి ఖండమునందును అట్టి వేదిక ఒకటి వెలయవలెనని ఆయన కోరిక. ఆయన 1990 జూన్ 15న కాలధర్మము నొందెను. తండ్రి పనిని మీరా కొనసాగించెను. అట్టి వేదిక యొకటి 1996లో పుదుచ్చేరి చెంతనున్న ఆరోవిల్లునకు చేరినది. సుందరానందుని ఋణము ఆ విధముగా తీరినది.

బాలలారా! తనను శంకించి బంధించిన దేశమునకు నకాషిమా ద్వేషమును ఒసగలేదు, శాంతివేదికను ఒసగెను. పచ్చి పలక తొందరపడినచో పగులును. నీడలో ఓర్పుతో ఆరినచో తరతరములు నిలుచును. మనుష్యుని మనస్సును అట్టిదే. కష్టకాలమున ఓర్పు వహించి, ఆ కాలమునే విద్యార్జనకు వినియోగించుకొన్నవాడు ధన్యుడు.