యంత్రవిద్యా తపస్వి జి.డి. నాయుడు

గత వేసవిలో మన కళాశాలకు నీళ్లు తెచ్చే ట్రాక్టరు ఒకనాడు ట్యాంకరు ఖాళీ చేస్తూ చేస్తూ ఆగిపోయి, మరల కదలనని మొరాయించినది. అది నలభై ఏండ్లు దాటిన బండి. సరూర్‌నగర్ పరిసరాలలో ద్రాక్షతోటలు, వరిమళ్లు ఉన్న కాలంలో దుక్కి దున్నినదని డ్రైవరు ఒకింత గర్వంగానే చెప్పుకొన్నాడు. ఇప్పుడు ఆ పొలాల మీద ఇండ్లు లేచినవి. బండికి నీళ్లు మోసే పని మిగిలినది. డ్రైవరు సెల్ఫు మీద సెల్ఫు కొట్టాడు. ఇంజను తిరుగుతున్నది కాని అంటుకొనడం లేదు. పొగగొట్టంలో పొగ జాడైనా కానరాదు. చూస్తూ ఉండగానే బ్యాటరీ నీరసించి ఆ తిరగడం కూడా మందగించినది.

చుట్టూ మూగిన విద్యార్థులలో నాలుగు స్ట్రోకుల ఇంజను పటాన్ని కళ్లు మూసుకొని గీయగలవారు డజనుకు తక్కువ ఉండరు. వారికి ఆ పాఠం చెప్పిన మేమూ అక్కడే ఉన్నాము. కాని చెయ్యి ఎక్కడ పెట్టవలెనో మాలో ఏ ఒక్కరికీ తెలియలేదని ఒప్పుకొనక తప్పదు.

చివరకు దిల్‌సుఖ్‌నగర్ వైపు నుండి ఒక వృద్ధ మిస్త్రీని పిలిపించారు. అందరూ ఆయనను ఉస్తాద్ అన్నారు. ఆయన పానా పట్టక ముందే డ్రైవరును రెండు సంగతులు అడిగాడు. బండి ఒక్కసారిగా ఆగినదా, దగ్గి దగ్గి ఆగినదా? డీజిలు ఎప్పుడు పోశారు? దగ్గి దగ్గి ఆగినదనీ, చూస్తే టాంకు అడుగంటినదనీ, ఆ తరువాతనే క్యానుతో తెచ్చి పోశామనీ డ్రైవరు చెప్పాడు. ఉస్తాద్‌కు అంతే చాలినది. ఇంజను తిరుగుతున్నా పొగ రాలేదంటే డీజిలు సిలిండరు దాకా చేరడం లేదన్న మాట. టాంకు ఖాళీ అయినప్పుడు గొట్టాలలో గాలి పట్టినది. ఆయన ఫిల్టరు మీది మర కొంచెం వదులు చేసి, చేతిపంపు మీట ఆడించాడు. మొదట నురుగు, తరువాత బుడగలు, ఆ తరువాత తేట డీజిలు వచ్చినవి. మర బిగించి, నాజిళ్లకు పోయే గొట్టాల నట్లు వదులు చేసి, వేరే బ్యాటరీ తగిలించి ఇంజను తిప్పించాడు. అక్కడా గాలి పోయి డీజిలు చిమ్మిన తరువాత నట్లు బిగించాడు. ఇంజను ఒకటి రెండుసార్లు తెల్లని పొగ కక్కి గర్జించినది. అరగంట పట్టలేదు. ఉస్తాద్ అయిదవ తరగతి దాటలేదని తరువాత తెలిసినది.

ఆ మధ్యాహ్నం అధ్యాపకుల గదిలో మాట తిరిగి తిరిగి కోయంబత్తూరు నాయుడుగారి మీదికి పోయినది. తెలుగువాడై యుండియు ఆయన పేరు మన విద్యార్థులలో చాలామందికి తెలియదని అప్పుడే గ్రహించాము. ఈ వ్యాసానికి అదే కారణం.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ అనే పల్లెలో జన్మించారు. తమిళదేశంలో స్థిరపడి, సేద్యం చేసుకొంటూ, ఇంటిలో మాత్రం తెలుగు నిలుపుకొన్న కుటుంబం వారిది. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు సరిపడలేదు. మూడవ తరగతితో చదువు ముగిసినది. అయ్యవారి ముఖాన ఇసుక చల్లిన ఆకతాయి అని కూడా ఆయనను గురించి చెప్పుకొంటారు. ఆ ఒక్క విషయంలో మాత్రం మన విద్యార్థులు ఆయనను ఆదర్శంగా తీసుకొనకూడదని మా మనవి.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి రడ్జ్ కంపెనీ మోటారు సైకిలు మీద ఆ పల్లెదారిన వచ్చాడు. ఎద్దు గాని గుర్రం గాని లేకుండా పోయే బండిని ఆ కుర్రవాడు చూడడం అదే మొదలు. బండి దారిలో ఆగిపోతే అధికారి దానిని విప్పి శుభ్రం చేసుకొంటుండగా పక్కన నిలిచి కిరసనాయిలూ పాతగుడ్డా అందించాడని అక్కడివారు కథగా చెప్పుకొంటారు. కథ ఎట్లున్నను ఫలితం మాత్రం నిజం. ఆ బండి తనకు కావలెనని పట్టుబట్టి, నాయుడుగారు కాలినడకన కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా కుదిరి, పైసా పైసా కూడబెట్టి, మూడు వందల రూపాయలు జమ అయిన తరువాత ఆ అధికారి వద్దనే దానిని కొన్నారు.

ఇక్కడ మనం ఒక క్షణం ఆగవలసి యున్నది. అంత కష్టపడి కొన్న బండి మీద మరొకడైతే ఊరంతా ఊరేగేవాడు. నాయుడుగారు దానిని విప్పి నేల మీద పరిచారు. ఆ కాలపు రడ్జ్‌కు ఒకే సిలిండరు. బ్యాటరీ లేదు, ఇంజనుతో పాటు తిరిగే మాగ్నెటో నుండి నిప్పురవ్వ పుట్టేది. కార్బురేటరులో పెట్రోలూ గాలీ కలిసేవి. అటువంటి ఇంజను అంటుకొనలేదంటే లోపం మూడు చోట్లనే వెదకవలెను: ఇంధనం వస్తున్నదా, రవ్వ పడుతున్నదా, సిలిండరులో ఒత్తిడి నిలుస్తున్నదా. డీజిలు ఇంజనులో రవ్వ అవసరం లేదు. గాలిని బలంగా అదిమితే పుట్టే వేడిమికే ఇంధనం అంటుకొంటుంది. తక్కిన రెండు ప్రశ్నలు అవే. వందేండ్లకు పైగా గడిచిన తరువాత మన ఆవరణలో ఉస్తాద్ అడిగినవీ అవే. నాయుడుగారికి వాటిని ఏ పుస్తకమూ నేర్పలేదు. విప్పడం, తుడవడం, మరల బిగించడం, తప్పితే ఎందుకు తప్పినదో చూడడం, ఈ వరుసలో ఆ బండియే ఆయనకు గురువైనది. ఆ విద్యతోనే ఆయన మెకానిక్ అయ్యారు.

నడుమ పత్తి వ్యాపారం చేసి ధనం గడించి, పోగొట్టుకొన్నారు కూడ. ఆ సంగతులు విస్తరించనక్కరలేదు. 1920లో స్టేన్స్ అనే ఆంగ్లేయ వర్తకుని తోడ్పాటుతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి పళని పట్టణాల మధ్య తామే నడిపారు. యజమాని, డ్రైవరు, మిస్త్రీ ముగ్గురూ ఒక్కరే. ఆ ఒక్క బస్సు యునైటెడ్ మోటార్ సర్వీస్ అనే సంస్థగా పెరిగి రెండు వందలకు పైగా బస్సులు గలదయినది. విడిభాగాలు ఓడలలో సముద్రాలు దాటి రావలసిన రోజులవి. ఒక చిన్న ముక్క విరిగితే బండి నెలల తరబడి మూల పడవలసినదే. ఎవరికైనా తమ బస్సులను తామే బాగుచేసుకొనే కార్ఖానా లేనిదే అంతటి సంస్థ నడవదు. నాయుడుగారి పట్టు అక్కడనే ఉండినది.

బాగుచేయడం నేర్చిన చెయ్యి తయారు చేయడానికి ఎంతో కాలం ఆగలేదు. 1937లో ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి దేశంలోనే మొదటిదిగా పేరుపొందిన విద్యుత్ మోటారు వెలువడినది. దాని రూపకల్పనలో డి. బాలసుందరం నాయుడు తోడుగా నిలిచారు. తరువాత ఆయన స్థాపించిన టెక్స్‌టూల్ కార్ఖానా వలన కోయంబత్తూరు యంత్రనిర్మాణానికి పుట్టినిల్లయినది. బావులలో నీళ్లు తోడే పంపుసెట్టు కోయంబత్తూరుదని మన రైతు నేటికీ చెప్పుకొనడానికి మూలం అక్కడనే కలదు. విదేశయాత్రలలో నాయుడుగారు రూపొందించిన విద్యుత్ క్షవరయంత్రం జర్మనీలో తయారైనది. 1941లో డెబ్బయి రూపాయలకు రేడియో ఇవ్వగలనన్నారు. కిరసనాయిలుతో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం, మోసానికి వీలులేని ఓటు యంత్రం, ఇట్లు ఆయన చెయ్యి పెట్టని వస్తువు అరుదు. బొప్పాయి, పత్తి పంటల మీద కూడ ప్రయోగాలు చేశారు.

అయితే కళాశాల పత్రికలో మేము ముఖ్యంగా చెప్పదలచినది వేరు. 1945 ప్రాంతంలో ఆయన విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలసినవి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. మూడవ తరగతి చదివిన నాయుడుగారు ప్రిన్సిపాలు పీఠం మీద కూర్చున్నారు. కూర్చున్న వెంటనే పేచీ మొదలయినది. నాలుగేండ్ల చదువు కాలహరణమనీ, రెండేండ్లు చాలుననీ, పిల్లలు కొద్ది కాలంలోనే యంత్రాల మధ్య నిలిచి పని నేర్చుకొనవలెననీ ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవి విడిచి బయటకు వచ్చారు. తాము ధనం పోసి పెంచిన విద్యాలయాన్ని తామే వదలి రావడం ఎంతటి బాధో మన కమిటీ పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కళాశాల తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వర్ధిల్లినది. నాలుగేండ్ల చదువూ నిలిచినది.

ఆ పేచీలో న్యాయం ఎవరిది? మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు తన ఇంజను ఆలోచనకు బీజం మ్యూనిక్ కళాశాలలో వేడిమి శాస్త్రంపై విన్న పాఠాలలో దొరికినదనే విషయం మరువరాదు. 1893లో ఆయన మొదటి నమూనా పరీక్షలోనే బెడిసి పేలినది. నికరమైన ఇంజను 1897 నాటికి గాని సిద్ధం కాలేదు. సూత్రం తెలియనివాడు అన్నేండ్లు ఆ ఓటములను ఓర్చుకొనలేడు. కనుక తరగతి గది వ్యర్థమనే మాటను మేము ఒప్పము. కాని నాలుగేండ్లు సూత్రాలు వల్లించి, ఒక్క మర కూడ వదులు చేయకుండానే పట్టా అందుకొనే పద్ధతి మీద నాయుడుగారి కోపం న్యాయమైనదే. గత వేసవిలో ట్రాక్టరు ముందు చేతులు కట్టుకొని నిలిచిన మాకు ఆ కోపం తగలవలసిన చోటనే తగిలినది.

తరువాతి ఏండ్లలో కూడ ఆయనకు ఎదురుదెబ్బలు తప్పలేదు. 1952లో రెండు వేల రూపాయలకు అమ్మదగిన, ఇద్దరు కూర్చొనే పెట్రోలు కారును తయారు చేశారు. ప్రభుత్వ లైసెన్సు దొరకలేదు. కారు వీధికి ఎక్కలేదు. సామాన్యుడు రెండు వేలకు కారు కొనగలిగియుంటే మన రోడ్లు ఎట్లుండెడివో ఊహించడం కష్టం. దిల్‌సుఖ్‌నగర్ కూడలిలో సాయంకాలం నిలిచేవారు ఆ లైసెన్సు రానందుకు సంతోషించినా సంతోషింతురు! వృద్ధాప్యంలోనూ ఆయన ఊరకుండలేదు. 1967లో పునాది మొదలుకొని ఒక ఇంటిని పదకొండు గంటలలో కట్టించి చూపారు.

1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు కన్నుమూశారు. కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద ఆయన పేరిట ప్రదర్శనశాల కలదు. ఆ రోడ్డు మీదనే కట్టిన పది కిలోమీటర్ల పైవంతెనకు 2025లో ఆయన పేరు పెట్టినారు.

మన ట్రాక్టరు సంగతి. దానిని యజమాని పాత ఇనుము ధరకు అమ్మదలచినాడని డ్రైవరు మొన్ననే చెప్పాడు. ఇంజను ఇంకా బాగున్నది. మన కళాశాల వెనుక షెడ్డు రెండేండ్లుగా ఖాళీగా ఉన్నది. ఈ రెండు విషయాలూ కలిపి కమిటీ వారికి ఒక అర్జీ సమర్పించుకొన్నాము. జవాబు ఇంకా రాలేదు. ఉస్తాద్ మాత్రం ఒప్పుకొన్నాడు. శుక్రవారం నమాజు ముగిసిన తరువాత రెండు గంటలు వచ్చి కూర్చుంటాననీ, పిల్లలు పాత బట్టలు వేసుకొని రావలెననీ చెప్పి పంపాడు.