ముసవ్విర్ జంగ్ రాజా దీన్‌దయాళ్

హైదరాబాదు నగరపు పాత వైభవాన్ని తెలిపే ఛాయాచిత్రాలు నేడు హోటళ్ల గోడల మీద, క్యాలెండర్ల మీద, పుస్తకాల అట్టల మీద విరివిగా కనిపిస్తాయి. వాటిని తీసినవారి పేరు మాత్రం చాలా చోట్ల కనిపించదు. కొన్నేళ్ల క్రితం మేము ఒక దుకాణంలో ఫలక్‌నుమా ప్రాసాదం చిత్రం ఒకటి కొన్నాము. ఇంటికి తెచ్చి వెలుతురులో చూడగా అది ఏదో పుస్తకంలోని అచ్చుబొమ్మను తిరిగి ఫోటో తీసి పెద్దది చేసిన ప్రతి అని తేలింది. దగ్గరగా చూస్తే అంతా చుక్కలు. మెట్ల నీడలన్నీ ఒకే నల్లని ముద్ద. తరువాత గ్రంథాలయంలో ఒక పెద్ద సంపుటిలో అదే చిత్రం చూశాము. అందులో మెట్లు లెక్కపెట్టవచ్చు. దిగువ మూలన ఒక సంఖ్య, స్థలం పేరు, చిత్రకారుని పేరు సన్నని అక్షరాలలో ఉన్నాయి. మేము కొన్న ప్రతిలో ఆ మూలనే కత్తిరించి వేశారు. ఆ పేరు గల మహనీయుని జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచవలెనన్న సంకల్పం ఆనాడే కలిగింది.

దీన్‌దయాళ్ 1844వ సంవత్సరంలో మీరట్ సమీపాన ఉన్న సర్ధనా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. వారిది రత్నాల వ్యాపారం చేసే వంశం. రాయిని వెలుతురుకు పట్టి దోషం ఎంచడం ఆ ఇంటి విద్య అయితే, కుమారుడు వేరొక విధంగా వెలుతురును నమ్ముకున్నాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు సంస్థానంలో పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు వేసే ఉద్యోగిగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ఉర్దూలో నక్షా అంటే దేశపటం, తస్వీర్ అంటే బొమ్మ, రెండూ వేరు. మన తెలుగులో మాత్రం పటం అన్న ఒకే మాట గోడమీది దేశపటానికీ, చట్రంలో బిగించిన చిత్రానికీ చెల్లుతుంది. దీన్‌దయాళ్ విషయంలో తెలుగు మాటే సార్థకమైనదని మాకు తోస్తుంది. కట్టడాన్ని గీతలలో కొలిచి చూసిన కన్నే తరువాత దానిని గాజు పలక మీద నిలిపింది. ఆయన తీసిన కోటల, ఆలయాల చిత్రాలలో నిలువు గీత వంగదు; ఎక్కడ నిలబడితే కట్టడం యావత్తూ తెలుస్తుందో అక్కడే కెమెరా నిలిచి ఉంటుంది.

1874 ప్రాంతాన ఆయన ఈ కళను చేపట్టారు. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్య భారతంలో గవర్నరు జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి గ్వాలియరు, ఖజురాహో, ఓర్ఛా, సాంచీ కట్టడాలను చిత్రించారు. ఆ పర్యటన ఫలితంగా మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలను గురించిన గ్రంథం 1886లో లండనులో వెలువడింది. అందులోని చిత్రాలు ఆటోటైపు పద్ధతిలో అచ్చయ్యాయి. వెండి లవణాలతో పని లేకుండా స్థిరమైన రంగుతో ముద్రించే పద్ధతి అది. కనుక కాలం గడిచినా అంత సులభంగా వెలిసిపోదు. ఈలోగా ఆయన ఉద్యోగానికి స్వస్తి చెప్పి ఛాయాచిత్రణమే వృత్తిగా స్వీకరించారు. 1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో వెలసింది.

ఆ కాలంలో ఒక ప్రతి తయారుచేయడం ఎంత శ్రమో నేటి విద్యార్థులు ఊహించడం కష్టం. నెగెటివ్ అంటే గాజు పలక. పది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల పొడవు గల చిత్రం కావాలంటే పలక కూడా అంతే ఉండవలె; చిన్న పలక నుండి పెద్ద ప్రతి తీయడం అప్పటికి వాడుకలో అరుదు. కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత ఉండేది. ఆ కాగితం ఎక్కువగా జర్మనీలోని డ్రెస్డెన్ నగరం నుండి ప్రపంచమంతటికీ ఎగుమతి అయ్యేది. దానిని వెండి నైట్రేటు ద్రావణం మీద తేలవేసి, చీకటిలో ఆరబెట్టి, గాజు పలకకు ఆనించి, చట్రంలో బిగించి ఎండలో ఉంచేవారు. ఎండలోనే బొమ్మ మెల్లమెల్లగా పైకి వచ్చేది. తరువాత బంగారు లవణంతో రంగు కుదిర్చి, హైపోలో ముంచి, నీళ్లు పదేపదే మార్చి కడిగేవారు. ప్రతి మన్నిక అంతా ఈ కడుగులోనే ఉంది. కడగడంలో బద్ధకించిన ప్రతి అంగడిలో కొన్నప్పుడు మంచిదానిలాగే ఉంటుంది. కొన్నేళ్లకు పసుపు పచ్చబడి, ముఖాలు కరిగిపోతాయి. కొన్నవాడు అప్పటికి అంగడివానిని ఏమి అడగగలడు? దీన్‌దయాళ్ స్టూడియో ప్రతులలో నూరేళ్లు దాటినా నలుపు నలుపుగా నిలిచినవి ఎన్నో ఉన్నాయి. కంటికి కనిపించని పనిని కూడా అక్కడ సక్రమంగా చేశారనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

పలక పగలనంత కాలం ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. అందుకే ప్రతి పలకకూ సంఖ్య, పేరు ఉండేవి. సంఖ్య తెలిసినవారు ఏళ్ల తరువాత కూడా అదే దృశ్యాన్ని మరల కోరవచ్చు. దొరలు, నవాబులు, సైనికాధికారులు విడి చిత్రాలు కొన్నారు. తోలు అట్టల ఆల్బములు కట్టించుకున్నారు. 1892 నాటి నిజాం రాజ్య దృశ్యాల ఆల్బము ఒకటి కర్జన్ ప్రభువు సేకరణలో చేరి నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి ఛాయాచిత్రకారునిగా బిరుదు లభించింది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1894లో ఆయనకు రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదునిచ్చి గౌరవించారు. ఆసిఫ్ అన్న కలం పేరుతో కవిత్వం చెప్పిన ఆ ప్రభువు, దీన్‌దయాళ్ ప్రతిభను శ్లాఘిస్తూ ఉర్దూలో ఒక షేర్ కూడా చెప్పారు. ముసవ్విర్ అంటే రూపకల్పన చేసేవాడు. పరమేశ్వరుని పవిత్ర నామాలలో అదొకటి. బొమ్మలు తీయించుకోవడం ధర్మమా కాదా అని మన పెద్దలలో వాదం నడుస్తున్న రోజులలో ఒక ముస్లిం ప్రభువు ఒక జైన శిల్పికి ఈ మాటను బిరుదుగా ఇవ్వడం సామాన్య విషయం కాదు.

1892లో ఆయన జనానా స్టూడియో నెలకొల్పారు. పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకించిన ఈ విభాగాన్ని ఒక ఆంగ్ల మహిళ నిర్వహించేది. మన ఇళ్లలో తాతగారి పటం ఉండి నాయనమ్మగారి పటం లేకపోవడం ఎరిగిన వారికి ఈ ఏర్పాటు విలువ చెప్పనక్కరలేదు. వారి మర్యాదకు భంగం లేకుండా వారి రూపమూ నిలవవచ్చునని ఒక వ్యాపారి గ్రహించాడు.

దీన్‌దయాళ్ చిత్రాలలో దర్బారులు, వేటలు, విందుబల్లలు, పులి కళేబరాల పక్కన నిలుచున్న దొరలు అధికం; రైతు, కూలీ అరుదు. ఇది నిజమే. డబ్బిచ్చి తీయించుకునేవారు వారే కాబట్టి చిత్రాలూ వారివే. అయితే 1899-1900 కరవులో ఔరంగాబాదు జిల్లాలో తీసిన చిత్రాలు వేరు. ప్రభుత్వ సహాయ కార్యాలను చూపడానికి ఉద్దేశించినవే అయినా, అందులో ఎముకల గూళ్లయిన మనుషులు తిన్నగా మన వంక చూస్తారు. విందుబల్లను ఎంత స్పష్టంగా పట్టిందో ఆ కెమెరా వారి పక్కటెముకలను కూడా అంత స్పష్టంగానే పట్టింది. మసక ప్రతిలో ఈ చిత్రాలను చూస్తే కరవు అన్న సంగతి తెలుస్తుంది గాని ఆ మనిషి ముఖం తెలియదు. మంచి ప్రతి, చెడ్డ ప్రతి అన్న భేదం అలంకారానికి సంబంధించినది మాత్రమే అనుకునేవారు ఈ చిత్రాలను చూడవలె.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. మరుసటి సంవత్సరం జులై 5న దీన్‌దయాళ్ పరమపదించారు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ పనిని సాగించాడు. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరద నగరాన్ని ముంచినప్పుడు కూలిన ఇళ్లను, వంతెనలను ఆ సంస్థే చిత్రించింది. ఆనాటి అట్టలకు అతికించిన ఛాయాచిత్రాలు పాత ఇళ్ల పెట్టెలలో ఇంకా ఉండవచ్చు. మా విద్యార్థుల ఇళ్లలో అటువంటివి ఉన్నట్లయితే చట్రం కట్టేవానికి ఇచ్చే ముందు దిగువ మూలను, అట్ట వెనుక భాగాన్ని చూడవలెనని, అంచులు కోయనీయరాదని మనవి.

గాజు పలకలలో చాలా భాగం కాలగర్భంలో కలిసిపోయింది. మిగిలినవాటిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. వాటి నుండి తీసిన కొత్త ప్రతులతో పుస్తకాలు, ప్రదర్శనలు వచ్చాయి. 2006 నవంబరు 11న భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా ఐదు రూపాయల బిళ్ల విడుదల చేసింది. దానిమీద ఆయన పేరు ఉన్నది.