డిక్షనరీ వెనుక ఉన్న ఉస్తాద్: ఎ.ఎస్. హార్న్‌బీ

ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్న చాలా ఇళ్లలో ఒక లావుపాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కనిపిస్తుంది. అన్న వాడింది తమ్ముడికి, అక్క వాడింది చెల్లికి వస్తుంది. అట్ట ఊడితే అతికించుకుని మరీ వాడతారు. కానీ దాని మొదటి పేజీలో ఉండే హార్న్‌బీ అనే పేరు ఎవరిదో పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆయన ఒక మామూలు ఇంగ్లిష్ మాస్టారు. ఆ పుస్తకం పుట్టింది కూడా ఇంగ్లండ్‌లో కాదు, జపాన్‌లో.

ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ 1898లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ పట్టణంలో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేశారు. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లిష్ చదివి, 1924లో జపాన్‌లోని ఓయితాకు సాహిత్యం బోధించడానికి వెళ్లారు.

అక్కడికెళ్లాక అసలు సంగతి అర్థమైంది. విద్యార్థులకు ముందు కావాల్సింది సాహిత్యం కాదు, భాష. అందుకే ఆయన పాఠం తీరు మార్చుకున్నారు. అప్పటికే టోక్యోలో హెరాల్డ్ పామర్ అనే మరో ఇంగ్లిష్ పండితుడు, విదేశీయులకు ఇంగ్లిష్ ఎలా నేర్పాలో పరిశోధించే సంస్థను నడుపుతున్నారు. హార్న్‌బీ ఆయనతో చేయి కలిపారు. 1936లో పామర్ ఇంగ్లండ్ వెళ్లిపోయాక, ఆ పరిశోధన భారం హార్న్‌బీ మీదే పడింది.

ఆయన్ని ఆలోచింపజేసింది విద్యార్థులు చేసే తప్పులు. మన పిల్లలు చేసేవీ అలాంటివే. ఫర్నిచర్‌కు, అడ్వైస్‌కు చివర ఎస్ తగిలిస్తారు. డిస్కస్ పక్కన అబౌట్ పెడతారు. ఎక్స్‌ప్లెయిన్ తర్వాత టు లేకుండానే మీ అనేస్తారు. ఇంగ్లిష్‌వాళ్ల కోసం రాసిన డిక్షనరీ తెరిస్తే ఆ మాటకు అర్థం దొరుకుతుందిగానీ, దాన్ని వాక్యంలో ఎలా వాడాలో దొరకదు. చిన్నప్పటి నుంచి ఆ భాషే మాట్లాడేవాళ్లకు అది చెప్పాల్సిన పనే లేదు. పరాయి భాషగా నేర్చుకునేవాడికి మాత్రం అదే పెద్ద చిక్కు. పిల్లవాడు బద్ధకస్తుడు కాదు, వాడి చేతిలో ఉన్న పుస్తకం వాడి కోసం రాసింది కాదు. హార్న్‌బీ పట్టుకున్న అసలు విషయం ఇది.

1937లో గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే తోటి అధ్యాపకులతో కలిసి కొత్త డిక్షనరీ పని మొదలుపెట్టారు. క్రియలు వాక్యంలో నడిచే తీరును 25 నమూనాలుగా విడగొట్టి, ఏ క్రియ ఏ నమూనాలో వస్తుందో అంకె వేశారు. ఏ నామవాచకాన్ని లెక్కపెట్టొచ్చో, దేన్ని లెక్కపెట్టకూడదో గుర్తులు పెట్టారు.

పుస్తకం అచ్చుకు వచ్చేసరికి యుద్ధం ముంచుకొచ్చింది. 1941 డిసెంబర్‌లో జపాన్, బ్రిటన్ శత్రువులయ్యాయి. హార్న్‌బీని నిర్బంధించారు. మరుసటి ఏడాది ఓడలో పంపించేశారు. అదే 1942లో, ఆ యుద్ధం మధ్యలోనే, టోక్యోలో కైతకుషా అనే జపనీస్ ప్రచురణ సంస్థ ఆ ఇంగ్లిష్ డిక్షనరీని అచ్చువేసింది. శత్రుదేశపు మాస్టారి పుస్తకమని పక్కన పడేయలేదు. చదువు విలువ తెలిసినవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

హార్న్‌బీ అక్కడి నుంచి బ్రిటిష్ కౌన్సిల్ తరఫున ఇరాన్ వెళ్లి, టెహ్రాన్‌లో ఇంగ్లిష్ బోధించారు. ఈసారి ఎదురుగా కూర్చున్నది ఫార్సీ మాట్లాడే విద్యార్థులు. మన ఉర్దూకు ఎన్నో మాటలిచ్చిన భాష అది, కుడి నుంచి ఎడమకు రాసే లిపి. భాష మారింది, లిపి మారింది, నేర్చుకునేవాడి అవసరం మాత్రం మారలేదు.

యుద్ధం ముగిశాక లండన్ చేరి, 1946లో ఇంగ్లిష్ టీచర్ల కోసం ఒక పత్రిక మొదలుపెట్టారు. కొత్త మాటను అర్థం చెప్పి వదిలేయకుండా, తరగతిలోనే ఒక సందర్భం కల్పించి నేర్పాలన్నది ఆయన పద్ధతి. తలుపు తీస్తూ తలుపు తీస్తున్నానని చెప్పాలి, పిల్లలతో చేయించాలి, వాళ్లచేత చెప్పించాలి. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ ఆ టోక్యో డిక్షనరీనే ఫొటో తీసి మళ్లీ అచ్చువేసింది. 1952లో దానికి అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ అన్న పేరు చేరింది. దేశదేశాలకూ వెళ్లింది.

డబ్బు బాగానే వచ్చింది. ఆయన దాన్ని దాచుకోలేదు. 1961లో తన పేరిట ఒక ట్రస్టు పెట్టి, పుస్తకాల ఆదాయంలో పెద్ద భాగం దానికే ఇచ్చేశారు. పుస్తకం కొన్నది విదేశీ విద్యార్థులు, కాబట్టి ఆ సొమ్ము వాళ్ల చదువుకే తిరిగి చేరాలన్నది ఆయన ఆలోచన. ఎన్నో దేశాల ఇంగ్లిష్ టీచర్లు ఆ స్కాలర్‌షిప్‌తో బ్రిటన్‌లో పైచదువులు చదివారు.

1978 సెప్టెంబర్‌లో, 80 ఏళ్ల వయసులో హార్న్‌బీ కన్నుమూశారు. ఈసారి పిల్లలు ఆ డిక్షనరీ తెరిచినప్పుడు, అర్థం ఒక్కటే చూసి మూసేయకుండా కింద ఉన్న ఉదాహరణ వాక్యం కూడా చదవమనండి. ఆ మాస్టారు ఏళ్ల తరబడి కష్టపడింది దాని కోసమే.